ఆఖరి పుట దాటిన కనకరత్నం

పంతొమ్మిదివందల యాభై ఆరు నాటికి ఆ కొల్లేటి లంకలో చదువొచ్చిన ఆడమనిషి ఒక్కతే, సూర్రావు భార్య కనకరత్నం. ఐదో తరగతి చదివిన పిల్లని ఏలూరు నుంచి కోడలిగా తెచ్చుకున్నందుకు అత్త మరిడమ్మ కొన్నాళ్ళు మురిసిపోయింది. ఆ తర్వాత చాలాకాలం తల పట్టుకుంది. కోడలి చేతిలో పుస్తకం ఉన్నపూటల్లా పొయ్యిమీద పులుసు మాడేది మరి.

చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. మధ్యాహ్నాలు వాడలోని ఆడవాళ్ళు మరిడమ్మ అరుగుమీద చేరి నూలుతో వలలు అల్లేవారు. కనకరత్నం వాళ్ళకి పుస్తకం పైకి చదవాలి. చదవడం కాగానే మరిడమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేది. కాబట్టి తర్వాత ఏం జరుగుతుందో చదివే మనిషికీ తెలియదు.

చేపలమ్మడానికి ఏలూరు వెళ్ళే సూర్రావు అద్దె పుస్తకాల కొట్లో అట్టమీది బొమ్మ చూసి పుస్తకం ఎంచేవాడు. అలా తెచ్చిన కిందటి రెండూ ఉప్పులేని చారులా తేలాయి. వినేవాళ్ళు పలచబడ్డారు, వలల పనీ వెనకబడింది.

"ఇదీ అంతేనంటే ఇంక పుస్తకాలొద్దు. నువ్వూ వల పట్టు," అని మరిడమ్మ తేల్చేసింది. ఆ గంటసేపు తప్ప రోజులో తనదంటూ కనకరత్నానికి ఇంకేమీ లేదు.

కొత్త పుస్తకం మాత్రం మొదటి పుట నుంచే పట్టేసింది. అదో యూనివర్సిటీ కథ. మేడంత ఎత్తు పుస్తకాల గది, దాని కింద నేలమాళిగ, అందులో నల్ల ముసుగులు వేసుకుని కలుసుకునే విద్యార్థుల రహస్య సంఘం. హేమ అనే అమ్మాయి ప్రభాకర్‌ని ప్రేమించింది. అతనూ ఆ సంఘంలోవాడేనా? యూనివర్సిటీ అన్న మాట పలికినప్పుడల్లా కనకరత్నానికి ఒళ్ళు జలదరించేది. లోకంలో అంత చదువు ఒకేచోట ఉంటుందా అని నోరు తెరిచేది. పద్దెనిమిది రోజులు అరుగు కిటకిటలాడింది. పొరుగింటి మణెమ్మ జ్వరంతో కూడా వచ్చి కూర్చుంది.

పంతొమ్మిదో రోజు హేమ నేలమాళిగ తలుపు తోసింది. కనకరత్నం పుట తిప్పింది. ఆఖరి పుట. నాలుగే వాక్యాలు. హేమ ఉలిక్కిపడి లేచిందట. పరీక్షల భయంతో వచ్చిన కలట. ప్రభాకర్ నవ్వాడట, శుభమట! ఇంతమందిని ఇన్నాళ్ళు కూర్చోబెట్టి కల అని చేతులు దులుపుకున్న ఆ రచయితని ఏమనాలి?

కనకరత్నం ఆ నాలుగు వాక్యాలూ పైకి చదవలేదు. వలలు అల్లే చేతులు ఆగాయి.

"తలుపు తోసింది, తర్వాత?" అంది మణెమ్మ.

కనకరత్నం పుటమీద నుంచి చూపు తీయకుండా చదవసాగింది. తలుపవతల నీళ్ళున్నాయి. ముసుగులవాళ్ళు దోనె ఎక్కి తుంగలోకి పారిపోతున్నారు. హేమ ఇంకో దోనెలోకి దూకి, దాన్ని నెట్టే గెడ అందుకుంది.

"యూనివర్సిటీ పిల్లకి గెడెయ్యడం ఎలా వచ్చిందే?" అని అడిగింది ఒకామె.

"వాళ్ళమ్మది కొల్లేరంట," అని చదివింది కనకరత్నం.

అరుగంతా తృప్తిగా ఊపిరి విడిచింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కనకరత్నానికే తెలియలేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. హేమ గెడ వేస్తోంది, తుంగ చీలుతోంది, ముందు దోనెలో ఒకడి ముసుగు గాలికి లేస్తోంది. తన గొంతు తనకే కొత్తగా వినపడి ఒకేసారి భయమూ ఆనందమూ కలిగాయి. ముసుగు పూర్తిగా లేవకముందే పొద్దు వాలింది. ఆడవాళ్ళు కదల్లేక కదల్లేక లేచి వెళ్ళారు.

మరిడమ్మ మాత్రం కదల్లేదు.

"ఇందాకటి నించీ చూస్తన్నాను. నువ్వు పుట తిప్పలేదు."

కనకరత్నం తల వంచుకుంది. దాచి లాభం లేదు. "కథ అయిపోయిందత్తా. బాగోలేదు. మీరు మానిపించేస్తారని..."

"ఇంకా ఎంతుంది?"

"అదే, అయిపోయిందంటున్నాను కదత్తా."

"పుస్తకం సంగతి కాదే," అంది మరిడమ్మ, కోడలి మొహంలోకి కొత్తమనిషిని చూసినట్టు చూస్తూ. "నీ దగ్గర ఇంకా ఎంతుందని అడుగుతన్నాను."