గురజాలలో అమెరికా కాపురం

మొన్న శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను. దిగాల్సింది గురజాలలో. అక్కడి నాటక పోటీల్లో నేను తెలుగు చేసిన పాత అమెరికా హాస్యనాటకం ఆ సాయంత్రం ఆడుతున్నారు. అందులో భార్యాభర్తలు పోట్లాడి విడిపోతారు, చివరికి కలుస్తారు. నా భార్య సుశీల మాచర్లలో వాళ్ళన్న ఇంటికి వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఫోన్ చేసి రమ్మంటే, నాటకానికి వస్తానంది. చూశాక నాతో ఇంటికి వస్తుందని ఆశ. నా ప్రయాణం అసలు అందుకే.

పక్క సీట్లో మస్తాన్ అనే మోటార్లు బాగుచేసే అతను కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

“మొగుడూ పెళ్ళాల గొడవకి అమెరికా నాటకం ఎందుకు బాబాయ్? పిడుగురాళ్ళలో దిగు, మా ఇంట్లో రోజూ ఆటే!”

బస్సులో అందరితో పాటు నేనూ నవ్వాను. సున్నం బట్టీల ఊరు పిడుగురాళ్ళలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ గ్లాసు అంచు మీద కూడా సున్నపు దుమ్మే. మీరు వెళ్తే కిటికీ మూసుకోండి.

మూడున్నరకు గురజాల. బస్టాండు ఎదుటి లాడ్జిలో గది దొరికింది. మెస్సులో చల్లారిన అన్నం, దోసకాయ పప్పు మిగిలాయి. అదే తిన్నాను.

అసలు అమెరికా నాటకంలో భార్య ఉంగరం విసిరేసి వెళ్ళిపోతుంది. మనవాళ్ళకు అది ఎక్కదని, ఆ చోట మా ఇంటి మాటే పెట్టాను. సుశీలకు గర్భసంచి తీసిన రోజు నేను రిహార్సల్లో ఉన్నాను. వెళ్ళిపోతూ ఆమె అన్నది పొల్లుపోకుండా రాశాను. ఆఖర్లో భర్త ఆమె కాళ్ళు పట్టుకుని ఏడుస్తాడు. అది చూస్తే నా మనసు తెలుస్తుందనుకున్నాను.

ఆరింటికి తెర లేచింది. సుశీల మూడో వరసలో కూర్చుంది. భార్య వేషం కట్టినావిడ ఊరూరా పోటీలకు తిరిగే ఆర్టిస్టు. మా నాటక సమాజం వాళ్ళతో రిహార్సల్ చేసింది ఆ పొద్దున ఒక్కసారే. చప్పట్లెక్కడ పడతాయో ఆమెకు బాగా తెలుసు.

“కడుపు కోస్తామని కాగితం తెస్తే సంతకం పెట్టిందెవరు?” అని ఆగి, జనం వైపు తిరిగి, “పక్క మంచం ఆవిడ మొగుడు!” అంది.

జనం పడిపడి నవ్వారు. సుశీల కొంగు భుజాల నిండా కప్పుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఏడున్నరకు సుశీలను బస్టాండులో పట్టుకున్నాను.

“ఏందండీ అది? అంతమందిలో నా కడుపు కోసి చూపిచ్చారు.”

“ఆఖర్లో చూశావుగా, కాళ్ళ మీద పడ్డాడు. అది నేనే సుశీలా.”

“ఆయన పడ్డాడు, ఆవిడ కాళ్ళ మీద. నాకు మీ నోటితో ఒక్క ముక్క చెప్పారా?”

చుట్టూ నాటకం చూసొచ్చిన జనం. సిగ్గేసి బస్సుల బోర్డుల వైపు తల తిప్పుకున్నాను. ఆమె మాచర్ల బస్సెక్కింది. ఛీ, ఏం మనిషిని నేను!

మర్నాడు పొద్దున ఏడింటికి తిరుగు బస్సు. మబ్బు పట్టింది, చినుకు లేదు. దాచేపల్లి దాటాక, తప్పు నాదేనని చెబుదామని ఫోన్ తీశాను. అంతలో అదే మోగింది. పోటీలు పెట్టినాయన.

“మాస్టారూ, చానా బాగుంది! వచ్చే నెల మాచర్లలో ఆడాలి. ఆ సంతకం ముక్క మాత్రం తీసెయ్యమాకండి.”

సరేనన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేనే అన్నాను. ఆ తర్వాత సుశీలకు ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.