టచింగ్ చేసిన ప్లేట్లు

1979 ఆగస్టు 14, మంగళవారం, సాయంత్రం ఐదుంబావు. తిరువళ్ళూరు స్టేషన్లో మా బావగారు, అంటే మా ఆయన అన్న, కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆనాటి కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మద్రాసు లాబొరేటరీలో పలుచటి నికెల్-ఇనుము పొరల మీద నా పరిశోధన. అలాంటి పొరలో అయస్కాంతత్వం ఒక్కో ప్రాంతంలో ఒక్కో దిక్కుకు ఉంటుంది. ప్రాంతాల మధ్య సరిహద్దును గోడ అంటాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫోకస్ కాస్త తప్పిస్తేనే అది నల్లగానో తెల్లగానో గీతలా కనిపిస్తుంది. ఫోకస్ సరిచేస్తే మాయం. ఒక గోడ చిన్న రంధ్రానికి తగులుకొని, సాగి, విడిపోవడం వరుసగా ఆరు గాజు నెగటివ్ ప్లేట్ల మీద దొరికింది. తర్వాత బయటికి తీస్తుంటే పొర చిరిగింది. శుక్రవారం థీసిస్ కమిటీకి చూపడానికి ఆ ప్లేట్లే మిగిలాయి.

మా డార్క్‌రూమ్ మరమ్మతులో ఉంది. తిరువళ్ళూరులో తెలిసిన స్టూడియో ఉందని బావగారు అంటే, తిరుత్తణి ఇంటికి వెళ్తూ దారిలో దిగి ప్లేట్లు ఆయనకే ఇచ్చాను. ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేయిస్తే చాలని రెండుసార్లు చెప్పాను.

"చూడు పాపా, ఎంత శుద్ధంగా ఉండాదో! ఒగ గీత లేదు."

"గీతలు యాడ పోయినాయి బావా?"

"టచింగ్ చేయించినా. పెండ్లికూతుర్ల మొగాల మింద మచ్చలు తీసే చెయ్యి వానిది. మీ మరదలికి ఫోకస్ పెట్టేదే తెలీదని నగినాడు."

"ముట్టొద్దని చెప్తి గదా!"

"మొగమాటానికి చెప్పినావనుకుంటి."

కవర్లోంచి ప్లేట్లు తీసి వెలుగుకు పట్టి చూశాను. నల్ల గీతలను కత్తి మొనతో గీకేశాడు. తెల్ల గీతల్లో పెన్సిలు నింపాడు. అతను తన పని చేశాడు. నా మాటను మొగమాటంగా మార్చి చెప్పింది బావగారు. ఇంట్లో మాత్రం, అంత శ్రమపడిన పెద్దాయన మీద అరిచానని నన్నే తిట్టారు.

శుక్రవారం కమిటీలో ఒకాయన ప్రింటును అటూ ఇటూ తిప్పి, "గోడ ఏదమ్మా?" అన్నాడు. మళ్లీ తీసుకురమ్మన్నారు. కొత్త పొరలో అదే గోడ అదే చోట దొరకదు. మైక్రోస్కోపు మీద నా వంతు అప్పటికే వేరే అబ్బాయికి ఇచ్చేశారు.

పోయినవి: ప్లేట్లు ఆరు. పొర ఒకటి. మైక్రోస్కోపు మీద వంతు. థీసిస్‌లో మూడో అధ్యాయం. బావగారితో మాటలు నేనే మానేశాను, అవి లెక్కలోకి రావు.