చిన్నమ్మ వీపు మీద పసుపు సున్నం

పసుపులో సున్నం కలిపిన వాసన వస్తే, తెల్లదొరల కాలంలో డోన్‌లో ఉన్న మా అవ్వ వంటిల్లు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన చిన్నమ్మ అక్కడ గోడవైపు తిరిగి కూర్చునేది. అవ్వ పసుపు సున్నం కలిపి, అది ఎర్రబడ్డాక వేడిచేసి ఆమె వీపుకు పూసేది.

“ఎందుకవ్వా పూస్తాండావు?” అని అడిగాను.

“కడుపుతో ఉండే ఆడోళ్లకు పూస్తారు లేమ్మా. పో, ఆడుకోపో.”

గాజులు తొడిగినట్టే ఇదీ ఒక వేడుక అనుకున్నాను. నా గుడ్డబొమ్మ కడుపులో పత్తి కుక్కి, వీపుకు ఆ ఎరుపు పూసి చిన్నమ్మకు చూపించాను.

“నీ బొమ్మకు అప్పుడే మొగుడొచ్చినాడా పాపా?” అని ఆమె నవ్వింది.

కొన్నాళ్లకే చిన్నాయన బండి కట్టుకొని వచ్చాడు. చిన్నమ్మ అవ్వ కొంగు పట్టుకుంది.

“కాన్పయ్యేదాకా ఈడనే ఉంటానమ్మా. ఈసారి కడుపు మీద తంతాడు.”

“మొగుడొచ్చి పిలిస్తే పోకుంటే ఎట్లమ్మా? బిడ్డ మొగం చూస్తే వాడే మారతాడు” అంటూ అవ్వ ఆమె మూటలో పసుపుకొమ్ములు, సున్నపుకాయ పెట్టింది.

వేడుక సామాన్లని నేను సంబరపడ్డాను. చిన్నమ్మ మళ్లీ రాలేదు. తల్లీ బిడ్డా పోయారని కబురు మాత్రం వచ్చింది.

బడి ముఖం చూడని నేను పెద్దయ్యాక కూడబలుక్కుని చదవడం నేర్చి, గ్రంథాలయంలోని వైద్యపుస్తకాలన్నీ చదివాను. పసుపు సున్నం దెబ్బల వాపుకని వాటిలో ఉంది. గర్భిణులకని ఎక్కడా లేదు. అయినా అవ్వ నాతో అబద్ధం చెప్పిందనుకోలేను. మా ఇంట్లో కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ, మా అమ్మకు కూడా, ఆమె అదే పూసింది.