ఎత్తున కట్టిన ఇల్లే మునిగింది

2023 వానాకాలం. సూర్యాపేటలో నాది చిన్న ప్లానింగ్ ఆఫీసు. ఇళ్ల ప్లాన్లు గీయడం, లేఅవుట్లు కొలవడం, కాలువలకు వాలు చూడడం నా పని. ఒకరోజు చివ్వెంల దారిలో వెలసిన కొత్త కాలనీ నుంచి సుజాత అనే ఆమె వచ్చింది. మోతె అనే ఊరి నుంచి వచ్చి అక్కడ అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్నది వాళ్లే. ముందుగదిలో పిండిగిర్ని, అదే ఆమె బతుకుదెరువు.

"సార్, ఈ వానలకు రెండుసార్లు మోటర్ కాలింది. ఇంకోసారి మునిగితే గిర్ని ఖతం. ఇల్లు జాకీలు పెట్టి లేపాల్నా, అమ్ముకొని మోతెకు పోవాల్నా? జర మీరే చెప్పుండ్రి" అంది.

పల్లంలో కట్టుకుని ఉంటారులే అనుకుంటూ వెళ్లాను. ఆటో లెవెల్ అని మూడు కాళ్ల స్టాండు మీద పెట్టే పరికరం ఉంటుంది, నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో దానితో తెలుస్తుంది. పెట్టి చూస్తే నిజంగానే ఆమె ఇల్లు పల్లం. కానీ లేఅవుట్ వేసిన నాటి మ్యాపులో ఆమె ప్లాటే అందరికంటే ఎత్తు! ఇల్లు కాలనీకి ఈశాన్యం మూల, వాగు నైరుతి మూల. నీళ్లు ఆమెకు దూరంగా పోవాలి కదా? నాకు తల తిరిగిపోయింది. పరికరం చెడిందేమోనని ఇంకోటి తెప్పించాను. అదీ అదే మాట. మ్యాపు తప్పా, నాకే మతి పోయిందా? టీ మీద టీ తాగినా అంతుపట్టలేదు.

చివరికి పరికరం పక్కన పెట్టి ఇంటింటికీ తిరిగాను. అప్పుడు తెలిసింది. ఇంటికి నైరుతి ఎత్తుండాలి, నీళ్లు ఈశాన్యం నుంచే బయటికి పోవాలి అని మనవాళ్ల వాస్తు పట్టింపు. తర్వాత కట్టుకున్న ప్రతివాళ్లూ టిప్పర్ల కొద్దీ మొరం పోసి నైరుతి లేపారు. రోడ్డూ దానికి తగ్గట్టే వేశారు. ఎవరి ఇల్లు వాళ్లకు లక్షణంగా ఉంది, కాలనీ నీళ్లన్నీ మాత్రం సుజాత గుమ్మంలో ఉన్నాయి. వెనకటిలా ముసురు పడితే నేల ఎలాగో తాగేది. ఇప్పుడు వాన గంటలో కుమ్మరించి పోతోంది.

దారి ఒక్కటే. పోసిన మొరం కింద అసలు నేల వాలు ఇంకా వాగు వైపే. రోడ్డు కింద ఆ వాలున పైపు వేయాలి. వాగులో కలిసే ముందు అది కాలనీ చివర నర్సయ్య అనే ఆయన ఇంటి నైరుతి మూల నుంచి పోవాలి. గొర్రెల మంద అమ్మి కట్టుకున్న ఇల్లు ఆయనది.

"నైరుతిల బొంద తవ్వితే ఇంటాయనకే కీడంటరు సార్. నేనేం పాపం చేసిన?" అన్నాడు. గొంతులో నిజమైన భయం ఉంది. డ్రాయింగ్ పరిచి చెప్పిందే చెప్పాను, ఆయన వినలేదు, నాకు ఒళ్లు మండింది.

పక్కనే ఉన్న సుజాత అందుకుంది. "మామా, ఈశాన్యంల నీళ్లుంటే సిరి అంటరు గదా! నా ఇంట్ల మోకాళ్ల దాంక ఉన్నది. గా సిరి జర నువ్వు తీస్కపోరాదు!"

నర్సయ్య నవ్వాపుకోలేకపోయాడు. తన గోడ వైపు చూసి, "వెయ్యుండ్రి. పైన బండలు కప్పుండ్రి, నా కండ్లకు కనవడొద్దు" అన్నాడు.

పైపు పడింది. తర్వాతి పెద్ద వానకు సుజాత ఫోన్ చేసింది. వెనక గిర్ని మోత.

"సార్, ఇంట్లకు సుక్క రాలే!" ఆ మాటకు నా కడుపు నిండింది. మళ్లీ ఆమే అడిగింది. "మరి గా నీళ్లు ఇప్పుడు ఎవరింటికి పోతున్నయ్ సార్?"

వాగులోకమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక కుదురుగా కూర్చోలేక బండి తీశాను. వాగు వెంట దిగువకు కొంతదూరం పోతే మలుపులో ఇంకో కొత్త లేఅవుట్. రంగులేసిన హద్దురాళ్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. గట్టు మీద ఒక జంట తమ ప్లాటు ఏదో వెతుక్కుంటోంది.

అప్పటి నుంచి ఏ కాలనీ పని వచ్చినా సుజాత అడిగిందే నేను ముందు అడుగుతున్నాను. ఇక్కడి నీళ్లు ఎవరింటికి పోతాయి?