వేయని తాలింపు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు నవ్వు వచ్చేది. మాది ఉప్పాడ దగ్గర సముద్రపు ఒడ్డు. అక్కడ ఇంటికో దెయ్యం కథ ఉంది, నేను ఒక్కటీ నమ్మలేదు. చచ్చినవాళ్ళకి మనతో పనేముంటుంది అనేదాన్ని. ఇప్పుడు చెప్పేదాంట్లో కూడా దెయ్యం ఉందని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను సింగపూర్‌లో, ఆంగ్ మో కియో అనే పేటలో మా అమ్మాయి సుజాత దగ్గర ఉంటాను. అల్లుడు కిరణ్‌ది కంప్యూటర్ ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, తెడ్లు పట్టుకుని చిన్న పడవలో నీళ్ళమీదే. వాళ్ళ ఆఫీసులోని వెయ్ లియాంగ్ అనే చైనా అబ్బాయికీ అదే పిచ్చి. సింగపూర్ కింద ఇండోనేషియా దీవులు బోలెడున్నాయి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి, పగలు తెడ్డు వేసుకుంటూ, రాత్రి ఒడ్డున పడుకుంటూ చాలా దూరం పోవాలని ఇద్దరూ బయలుదేరారు. వెనకాల తోడుగా ఒక మోటారు పడవ.

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ తాలింపు వేయరు. మూకుడులో నూనె చిటపటలాడితే అక్కడ నీళ్ళు కూడా అలాగే ఎగిరిపడతాయని మా అమ్మ అనేది. నమ్మకం అని కాదు, చేతికి పట్టిన అలవాటు. కిరణ్ బయలుదేరిన రోజే మానేశాను.

మనవరాలు కంచం తోసేసింది. "అమ్మమ్మా, పప్పు నో టేస్ట్ లా!" అంది. ఇక్కడ అందరి మాటకీ చివర ఆ 'లా' ఉంటుంది.

"మీ నాన్న ఒడ్డెక్కనీ, అప్పుడు వేస్తాను" అన్నాను.

చివరి దీవిలో వాళ్ళకి ఎదురు వెళ్దామని, పిల్లని సెరంగూన్‌లో స్నేహితులింట్లో ఉంచి, సుజాతా నేనూ ఫెర్రీ ఎక్కాం. పొరపాటున చెయ్యి తాలింపు మీదికి పోతుందేమోనని పోపులపెట్టె ఇంట్లోనే వదిలేశాను. నీళ్ళమీద కర్రల మీద కట్టిన ఇంట్లో ఒక మలయ్ ఆవిడ మాకు గది అద్దెకిచ్చింది.

వాళ్ళు రావాల్సిన రోజు పొద్దున్నే పొగ కమ్మేసింది. ఎక్కడో అడవులు తగలబడితే వచ్చే పొగ. ఎదురుగా కట్టిన పడవ కూడా మసకగా ఉంది. గొంతులో మంట. ఆ పొగలో ఇంకో వాసన తెలిసే వీలే లేదు.

మధ్యాహ్నానికి మోటారు పడవ ఒక్కటే తిరిగొచ్చింది. పడవాయన తల ఎత్తలేదు. పొగలో వాళ్ళు తప్పిపోయారట, ఎంత అరిచినా పలకలేదట. సుజాత ఏడవలేదు. వెళ్ళి రేవు చివర కూర్చుంది, పిలిచినా లేవలేదు. కొన్ని పడవలు వెతకడానికి వెళ్ళి, దారి కనబడక వెనక్కి వచ్చేశాయి.

నేను ఒక్కదాన్నే వంటింట్లో ఉన్నాను. అన్నం, ఉత్త పప్పు ఉడికించి స్టవ్ ఆర్పేశాను. మళ్ళీ ముట్టుకోలేదు. గాలి సముద్రం మీంచి ఇంట్లోకి వీస్తోంది. కిటికీ గుడ్డ లోపలికి ఉబ్బుతూనే ఉంది. అది చూస్తూ కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదు.

పొద్దు వాలకముందే వాళ్ళు వచ్చారు. పొగలోంచి సూటిగా, మా ఇంటి మెట్ల దగ్గరికే. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. వెయ్ లియాంగ్ ఆగకుండా తుమ్ముతున్నాడు. కిరణ్ మెట్లెక్కుతూనే, "అత్తయ్యా, ముందు ఆ పప్పు పెట్టండి. ప్రాణం పోతోంది" అన్నాడు.

పెట్టాను. కంచంలోకి చూసి నా మొహంలోకి చూశాడు. "తాలింపేదీ?"

ఫోన్లు తడిసి ఆగిపోయాయట. ప్రవాహం ఎటో లాక్కుపోయిందట. ఎటు తిరిగినా పొగే. తెడ్లు వదిలేసి కూర్చున్నారట. అప్పుడు ఇంగువ వాసన వచ్చిందన్నాడు కిరణ్. వెనకే ఆవాలు, కరివేపాకు, మాడిన ఎండుమిర్చి ఘాటు. ఘాటు పెరిగే వైపు తెడ్డు వేశారు, తగ్గితే పడవ తిప్పుకున్నారు. అలాగే వచ్చేశారు.

"ఆంటీ, మీ ఇంటి కారిడార్ స్మెల్. సేమ్ సేమ్ లా!" అని వెయ్ లియాంగ్ మళ్ళీ తుమ్మాడు.

నేను వేయలేదని చెప్పాను. ఇద్దరూ నవ్వారు. ఇంటావిడని అడిగాను. ఇంగువ అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. మనవాళ్ళెవరూ ఆ దీవిలో లేరంది. ఆ రాత్రి పడుకున్నాక సుజాత మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆకలేసి వేసుకున్నావేమో, తప్పేం లేదు. నాకు ఒక్కదానికైనా నిజం చెప్పు."

కన్నకూతురు కూడా నమ్మలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను.

పొగలో తలకి ఏదో ఎక్కి అలా అనిపించిందేమో అనుకుందామంటే, ఇద్దరికీ ఒకటే ఎలా అనిపిస్తుంది? ఎదురుగాలిలో వాసన సముద్రం మీదికి ఎలా పోతుంది? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తేలలేదు.

మళ్ళీ వెళ్తారట. ఈసారి ఇంకా దూరం. నిన్న కిరణ్ మ్యాపు చూపిస్తూ, "మీరు స్టవ్ దగ్గరుంటే మాకు భయం లేదు అత్తయ్యా. ఈసారి కూడా ఘాటుగా వేయండి" అన్నాడు. సుజాత నా వైపు చూసింది. సరేనని తల ఊపాను.

ఆ రోజు వేసిందెవరో నాకు తెలియదు. ఇంకోసారి వేయమని ఎవర్ని అడగాలో కూడా తెలియదు.