పాలకు పోయిన కిటికీ

గౌలిపురలో మా ఆయన పనిచేసే వెల్డింగ్ దుకాణానికి ఉన్నది ఒకటే కిటికీ. దాని అవతల బర్రెల కొట్టం. వెల్డింగ్ వెలుగు కళ్లల్లో పడి బర్రెలకు పాలు తగ్గుతున్నాయని కొట్టం ఆమె రోజూ లొల్లి పెట్టేది. చివరికి గల్లీ పెద్దలు కూర్చుని తెగ్గొట్టారు. దుకాణం సేఠ్ కిటికీని ఇటుకలతో మూసెయ్యాలి, బదులుగా ఆమె పనివాళ్లకు రోజూ చెంబెడు పాలు పొయ్యాలి. పాలు తాగితే పొగ విరిగిపోతుందని అందరికీ నమ్మకం. కాబట్టి ఎవరూ నష్టపోలేదనుకున్నారు.

అక్కడ జస్తా, అంటే జింకు, పూత ఉన్న రేకులతో నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లు. జస్తా కాలితే తెల్లటి పొగ లేస్తుంది. శుక్రవారం సెలవు. ఆ ఒక్కరోజు పొగకు దూరమై శనివారం మళ్లీ పనికి పోయొస్తే మాత్రం మా ఆయనకు పళ్లు టకటకలాడే చలిజ్వరం. నేను మీద పడి అదిమినా ఆ వణుకు ఆగేది కాదు. తెల్లారి లేచి, "నిన్న పాలు తక్కువైనయి" అనేవాడు. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒక శనివారం అన్నం గిన్నె తీసుకుని దుకాణానికి పోయాను. ట్యాంకు లోపల అతుకు వేస్తున్న మా ఆయన పాక్కుంటూ బయటికొచ్చి నేలమీద కూలబడ్డాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి అందడం లేదు. సేఠ్ చెంబు నా చేతికిచ్చాడు.

"పాలు తాపు బేటీ, ఠీక్ అయితడు."

చెంబును గోడకేసి కొట్టాను. మూలనున్న సమ్మెట ఎత్తి మూసిన కిటికీని బాదాను. అడ్డమొచ్చిన సేఠ్‌ను మోచేత్తో పొడిచాను. ఇటుకలు అవతలికి ఎగిరిపడ్డాయి. కొట్టం ఆమె బర్రెల కట్టెతో ఆ కంతలోంచే నా మణికట్టు మీద కొట్టింది. కట్టె పట్టుకుని గుంజాను. ఆమె మొహం ఇటుకలకు తగిలి పెదవి చిట్లింది. ఇద్దరం నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. దుకాణంలోని పొగ మా ఇద్దరి మధ్యనుంచి కొట్టంలోకి పోతూ ఉంది.

మా ఆయన గోడ పట్టుకుని లేచొచ్చి నా చెంప పగలగొట్టాడు.

"దిమాగ్ ఖరాబైందా? రేపటి సంది పాలు బంద్ జేస్తరు."

సమ్మెట ఆయన మీదికే ఎత్తాను. "జెయ్యనియ్. నీ ఊపిరి బంద్ అయితే ఎవడు పోస్తడు?"

సమ్మెట దింపడానికి నాకు చాలాసేపు పట్టింది.

మర్నాడు సేఠ్ ఆ కంతను మళ్లీ మూసెయ్యకుండా, దానికి బయటివైపు ఏటవాలుగా రేకు బిగించాడు. వెలుగు బర్రెల మీద పడదు, పొగ పైకి పోతుంది. దాని కింద ఒక ఫ్యాను కూడా పెట్టించాడు. పాలు మాత్రం ఆగిపోయాయి.

మళ్లీ శనివారం ఆయన పాలు లేవని సణుక్కుంటూ అన్నం తిని పడుకున్నాడు. ఇప్పుడొస్తుంది జ్వరం, ఇప్పుడొస్తుందని వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. వీపు చల్లగానే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

కళ్లు తెరవకుండానే అడిగాడు, "చెయ్యి నొస్తున్నదా?"

"నొస్తలేదు, పండుకో" అన్నాను.