చప్పుడు చెయ్యకుండా సాగనంపిన చెక్కజోళ్ల మేస్త్రీ

మా క్రాగ్‌డెన్‌లో ఎవరు పోయినా ఆ కబురు ఇంటింటికీ మోసేది నేనే. పిలవని ఇంటివాళ్లు చావుకి రాకూడదు, పిలిచినవాళ్లు మానకూడదు. మా లోయలో అది కట్టుబాటు. బడి నన్ను వదిలిందో నేనే బడిని వదిలానో గానీ, నోరు మాత్రం నన్ను వదల్లేదు. నేను పిలిచే తీరు చూసి, తమ చావుకీ ఈ జబెజే పిలవాలని ముందే మాట తీసుకున్నవాళ్లు ఈ లోయలో సగంమంది. మిగతా సగం ఆ పిలుపు వినాలన్న తొందర కొద్దీ అప్పటికే పోయారు.

ఎల్కానా హోల్రాయిడ్ పోయినప్పుడు మాత్రం ఆ పిలుపు నా నోటికి చేదుగా తగిలింది.

ఎల్కానా చెక్కజోళ్ల మేస్త్రీ. అడుగు చెక్క, పైన తోలు, కింద గుర్రపు నాడా లాంటి ఇనుప పట్టీ. నూలు మిల్లుల్లో తడి నేల మీద పొద్దంతా నిలబడే జనానికి మరో జోడు పనికిరాదు. తెల్లారగట్ల మిల్లు కూతకి ఊరు ఊరంతా రాళ్ల వీధిలోకి దిగితే, ఆ మోతకి కొండ మీది గొర్రెలు కూడా లేచి మిల్లు దారి పట్టేవి. ఎల్కానా పక్క మీంచి లేవకుండానే ఆ మోత విని, "ఆ రేచెల్‌కి ఎడమ పట్టీ ఊడింది, సాయంత్రం వస్తుంది చూడు" అనేవాడు. ఆవిడ వచ్చేది. ఒకసారి సర్కస్ వాళ్ల ఒంటె కుంటుతుంటే దానికీ జోళ్లు చేశాడు. అవి తొడిగాక అది ఎడారికి తిరిగి పోనని మొండికేసింది. ఆ ఒంటెని చూశామన్నవాళ్లు లేరు గానీ, నా ఎదుట కాదన్నవాళ్లూ లేరు.

ఆయన దగ్గర కుడిభుజంలా పనిచేసినవాడు ఏబెల్. పుట్టుకతోనే అతనికి కుడికాలు పొట్టి. చిన్నప్పుడు ఊరంతా అతన్ని పడవ అని పిలిచేది, అలా ఊగుతూ నడిచేవాడు. ఎల్కానా కుడి చెక్క నాలుగు వేళ్ల మందాన ఉండే జోడు చేసి తొడిగాడు. ఆ రోజు నుంచి ఏబెల్ పాదిరిగారి కన్నా నిటారుగా నడిచాడు. అరిగినప్పుడల్లా కొత్త జోడు మేస్త్రీయే చేసేవాడు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

మంచాన పడ్డాక మేస్త్రీ అతన్ని పిలిచాడు.

"ఒరే ఏబెల్, నా పెట్టెకి ముందు కుడివైపు భుజం నీదేరా. నిన్ను నిలబెట్టింది నేను. నన్ను మొయ్యాల్సింది నువ్వు."

"మీరు మంచి బరువు మేస్త్రీ."

"అందుకే ముందుగా చెబుతున్నా. ఇవాళ్టి నుంచి ఇంకో ముద్ద ఎక్కువ తిను."

ఏబెల్‌కి పెళ్లీ పెటాకులూ లేవు, చుట్టాలూ లేరు. ఆ మాట ఒక్కటే అతని ఆస్తి.

మేస్త్రీ కొడుకు ఎడ్విన్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పటి నుంచీ బూట్లే, తండ్రి కొట్టు గుమ్మం తొక్కేవాడు కాదు. తండ్రి కన్నుమూసిన మర్నాడు నన్ను పిలిపించాడు.

"జబెజ్, ఇంటింటికీ ఇంకో మాట కూడా చెప్పు. ఎవరూ చెక్కజోళ్లతో రాకూడదు. బూట్లుంటేనే రమ్మను."

"ఎవరి చావుకి బాబూ? మీ నాన్నగారి చావుకేనా?"

"మిల్లు యజమానిగారు వస్తున్నారు. ఆయన పక్కన గుర్రాల సంతలా ఆ టకటకలేంటి? మర్యాద ఉండక్కర్లేదా?"

"బూట్లున్న కొంపలు ఊళ్లో ఎన్ని బాబూ?"

"లేనివాళ్లు కిటికీ తెరలు దించుకుని ఇంట్లోనే ఏడవొచ్చు."

ఆ మాట మోసుకెళితే ప్రతి గుమ్మంలోనూ తిట్లే. ఆ తిట్లలో కొన్ని నాకే కొత్త, అంటే ఎంత గొప్పవో చూసుకోండి. కానీ తిట్టినవాళ్లే వెనక్కి తిరిగి పాత బూట్ల కోసం అటకలెక్కారు. అన్నదమ్ములు ఒక జత కోసం కొట్టుకున్నారు. రేచెల్ గుమ్మంలో నిలబడి, "మా ఆయన పెళ్లి బూట్లు తీశా జబెజన్నా, ఎలక అందులో పిల్లల్ని పెట్టింది" అంది.

"మరెలా?"

"ఏముంది, ఎలకని నువ్వు పిలవలేదుగా. ఖాళీ చేయించా."

నవ్వుకున్నాం. చెక్కజోళ్లతోనే వస్తాం, ఏం చేస్తాడో చూద్దాం అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఏబెల్‌కి బూట్లు మేస్త్రీ భార్య మార్తమ్మ ఇచ్చింది. ఏదో విందు కోసం కొడుకు తండ్రికి కొని తెచ్చినవి, ఆయన ఒక్కసారీ తొడగలేదు.

"చెప్పినా వాడు వినలేదు నాయనా. నువ్వు మాత్రం మొయ్యి. ఆయన మాటది."

ఏబెల్ కుడి బూటు లోపల చెక్కముక్క చెక్కి పెట్టాడు. ఆ ఎత్తుకి మడమ బూటు అంచు దాటి పైకొచ్చింది. తాడుతో బిగించాడు. అప్పుడే కొట్టు గోడ వంక చూస్తే, మేకుకి వేలాడే మేస్త్రీ సొంత జోడు లేదు.

"అమ్మగారూ, అయ్యగారి జోడేది?"

"ఉండాల్సిన చోటే ఉంది" అందావిడ.

ఆ రోజు వాన సన్నగా పడుతోంది. కొట్లన్నీ మూశారు. భర్త పోయాక దేశమేలే రాణిగారు నల్లబట్టలు విడవడం లేదని మా ఊరికీ నలుపు మోజు పట్టింది. మోసే ఆరుగురికీ నల్ల చేతితొడుగులు, వెనకొచ్చే బళ్ల గుర్రాల తలల మీద నల్ల ఈకలు. అన్నీ ఉన్నాయి, చప్పుడే లేదు. అంత జనం ఇరుకు బూట్లలో దొంగల్లా నడిచారు. యజమానిగారి బండి వచ్చింది, తెరలు దించి ఉంది. ఎడ్విన్ టోపీ తీసి వంగాడు. తెర వెనక ఎవరూ లేరు. తాను రాలేని చావుకి ఖాళీ బండి పంపడం పెద్దవాళ్ల మర్యాద. ఊరందరం ఇరుకు బూట్లలో కాళ్లు నొక్కుకున్నది ఆ ఖాళీ బండి కోసమే.

చర్చి గుట్ట ఎక్కేటప్పుడు తడి రాయి మీద ఏబెల్ బూటులోని చెక్కముక్క జారింది. అతని భుజం కుంగింది. పెట్టె కుడివైపుకి ఒరిగింది. లోపల్నించి "టక్" మంది. వెంటనే ఇంకో "టక్".

జనమంతా ఆగిపోయారు. ఆ చప్పుడు తెలియనివాడు మా ఊళ్లో పుట్టలేదు.

ఎడ్విన్ మొహం పాలిపోయింది. "లోపలేంటది?"

"మీ నాన్న కాళ్లు" అంది మార్తమ్మ ముసుగులోంచి. "ఆయన ఇంకేం తొడుక్కుని వెళతాడనుకున్నావు?"

తల్లిని ఏమీ అనలేక ఎడ్విన్ ఏబెల్ మీద పడ్డాడు. "నువ్వు పక్కకి తప్పుకో. తొడుగులిటివ్వు."

"చిన్నయ్యగారూ, చర్చి గేటు కనబడుతోంది కదండీ. ఈ కాస్త దూరం..."

"కనబడుతోంది కాబట్టే. అక్కడ పాదిరిగారు చూస్తుంటారు."

ఏబెల్ వంక ఎవరూ చూడలేదు. అందరం మా బూట్లే చూసుకున్నాం. ఏబెల్ తొడుగులు మెల్లగా విప్పి ఇచ్చాడు. అవి మిల్లు గుమాస్తా ఒకడు తొడుక్కుని ఆ భుజం కిందకి దూరాడు. పెట్టె ఒరగకుండా పైకి వెళ్లింది.

తర్వాత చావు భోజనంలో, పెద్దిళ్లలో లాగా ఉప్పులో ఊరిన పంది తొడ కోసి అందరికీ పెట్టారు. ఎంత గొప్పగా సాగనంపారో అని ఊరు లొట్టలేసింది. సారాకొట్టులో ఈ కథ చెప్పేటప్పుడు, మేస్త్రీ లోపల్నించి కొడుకుని రెండు తన్నాడనే చెబుతాను, జనం బల్లలు చరుస్తారు. ఏబెల్ ఉంటే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

ఆ రోజు గుట్ట దిగి వస్తుంటే, అతను దారి పక్క గోడ మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మేజోళ్లు వానకి తడిసిపోయాయి.

"దించేశారా జబెజ్?"

"దించేశాం."

"చెవులు రిక్కించుకునే కూర్చున్నా" అన్నాడు. "మీరు అక్కడిదాకా వెళ్లినట్టే నాకు వినపళ్లేదు."